మన పేరుకూ ఒక ఈసీ

స్థలం కొనేటప్పుడు మనవాళ్లు పడే జాగ్రత్త చూస్తే నాకు ముచ్చటేస్తుంది. లింకు డాక్యుమెంట్లు అన్నీ ఉన్నాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు. ముప్పై ఏళ్ల ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఈసీ, తీయిస్తారు. ఆ భూమి ఎక్కడైనా తాకట్టులో ఉందా, అన్నదమ్ముల పంపకాల్లో పేచీ ఉందా, కోర్టులో కేసు నడుస్తోందా అని నలుగురినీ వాకబు చేస్తారు. తెలిసిన వకీలు చేత లీగల్ ఒపీనియన్ రాయించుకుంటారు. వీధిపోటు ఉందేమోనని సిద్ధాంతిగారిని వెంటబెట్టుకెళ్తారు. ఇవన్నీ అయ్యాక అడ్వాన్సు ఇచ్చి, అగ్రిమెంటు రాసుకుని, అప్పుడు రుణం కోసం బ్యాంకు మెట్లెక్కుతారు. బ్యాంకువాళ్లు భూమి కాగితాలు పక్కన పెట్టి, ముందు కొనేవాళ్ల పాన్ నంబరు అడుగుతారు. భూమికి ఈసీ ఎలాంటిదో, అప్పు అడిగే మనిషికి క్రెడిట్ రిపోర్టు అలాంటిది. భూమి ఈసీ ముప్పై ఏళ్లు వెనక్కి తవ్వినవాళ్లలో తమ సొంత ఈసీ ఒక్కసారైనా తెరిచి చూసుకున్నవాళ్లు చాలా తక్కువ.

తెరవకపోవడం వల్ల జరిగే నష్టం అగ్రిమెంటు గడువులో బయటపడుతుంది. గడువు దగ్గరపడుతుంటే అమ్మేవాళ్లు మిగతా డబ్బు అడుగుతారు. బ్యాంకేమో ఎప్పటిదో ఒక పాత కార్డు బాకీ చూపించి ఆగమంటుంది. అడ్వాన్సు పోతుందన్న భయంతో మనిషి ఎక్కువ వడ్డీకి ఒప్పుకుంటాడు, లేదా చేబదుళ్లకు పరుగెడతాడు. తీరిగ్గా నాలుగు నెల్ల ముందు చేసుకోవాల్సిన పని ఆ హడావుడిలో చేయడం ఎవరి వల్లా కాదు. మా బంధువుల్లో ఇలాంటి కాగితాలు చదివిపెట్టే పని ఎలాగో నా మీద పడింది. అలా చదివిపెడుతూ నేను గట్టిగా నమ్మిన మాట ఒకటుంది. ఇల్లు కొనే ముందు మన పేరును మనమే బాగుచేసుకోవాలి. ఆ పని మన చేతులతోనే అవుతుంది, దానికి మరొకరికి డబ్బివ్వనక్కర్లేదు.

ఈ రిపోర్టు మన దేశానికి మరీ పాతదేమీ కాదు. ఈ రిపోర్టులిచ్చే సిబిల్ సంస్థ 2000లో మొదలైంది. క్రెడిట్ సమాచార సంస్థల చట్టం 2005లో వచ్చింది. ఇవాళ రిజర్వ్ బ్యాంకు అనుమతితో నాలుగు సంస్థలు మన అప్పుల చరిత్రను భద్రపరుస్తున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, సీఆర్ఐఎఫ్ హైమార్క్. స్కోరు 300 నుంచి 900 వరకూ ఉంటుంది. అందరి కళ్లూ ఆ మూడంకెల మీదే ఉంటాయి గానీ, అసలు విషయం దాని కింద ఉంటుంది. మనం తీసుకున్న ప్రతి అప్పుకూ ఒక ఖాతా. ఆ ఖాతా కింద నెలనెలా ఎలా కట్టామో, మూడేళ్ల వరకూ ఒక వరుస. వేళకు కట్టిన నెల దగ్గర సున్నాలుంటాయి. ఆలస్యమైతే ఎన్ని రోజులు ఆలస్యమైందో ఆ అంకె ఉంటుంది. అప్పు మూసేశామా, సెటిల్ చేశామా, బ్యాంకు రైటాఫ్ చేసిందా అన్నది ఒక్క మాటలో ఉంటుంది. ఎన్నిచోట్ల అప్పు అడిగామో అదీ ఉంటుంది. ఇంకొకరికి హామీ సంతకం పెట్టి ఉంటే అదీ కనబడుతుంది.

 మన పొదుపు, పొలం, ఒంటిమీది బంగారం అందులో ఉండవు. కులం, మతం ఉండవు. ఈ చివరి విషయం నాకు చిన్నదిగా అనిపించదు. వెనకటి రోజుల్లో ఊళ్లో అప్పు పుట్టాలంటే ప్రామిసరీ నోటు రాసివ్వాలి. ఆ నోటుకు మూడేళ్ల గడువు. గడువు దాటకముందే కొంత కట్టి, నోటు వెనక చెల్లు వేయించుకుంటే మళ్లీ ప్రాణం వచ్చేది. అప్పిచ్చే ఆసామికి మన సంగతి అంతా తెలుసు. వాన పడలేదనీ, ఎద్దు చచ్చిపోయిందనీ, పిల్ల పెళ్లి నెత్తిమీద ఉందనీ తెలిసి ఒక పంట ఆగేవాడు. ఆ ఆసామే నువ్వెవరి తాలూకు అని కూడా అడిగేవాడు. కౌలు రైతుకు ఒక వడ్డీ, మోతుబరికి ఒక వడ్డీ. భర్త పోయిన ఆడమనిషి సంతకానికి విలువ ఉండేది కాదు. పేట పేరు చెప్పగానే కొందరికి చేయి ముడుచుకునేది. ఈ కొత్త చిట్టా ఆ ప్రశ్నలేవీ వేయదు. తీసుకున్నావా, కట్టావా అని మాత్రమే చూస్తుంది. అందుకు నేను దాన్ని గౌరవిస్తాను.

కానీ ఆసామికి తెలిసిన ఒక్క సంగతి ఈ చిట్టాకు తెలియదు. ఎందుకు కట్టలేకపోయావన్నది దానికి పట్టదు. గుండె ఆపరేషన్ చేయించుకున్న నెలా, సరదాగా విహారానికి వెళ్లిన నెలా అందులో ఒక్కలాగే కనిపిస్తాయి. మన రాష్ట్రాల్లో దీనికి పెద్ద ఉదాహరణే ఉంది. సూక్ష్మరుణాల వసూళ్లలో జరిగిన వేధింపులు, ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ తర్వాత వసూళ్లు చాలావరకూ ఆగిపోయాయి. వారం వారం క్రమం తప్పకుండా కట్టిన ఆడవాళ్లు కూడా ఆ గందరగోళంలో ఆపేశారు. సూక్ష్మరుణాల వివరాలు క్రెడిట్ సంస్థల దగ్గరికి చేరడం మొదలైంది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. ఒక కాలపు కల్లోలం ఒక మనిషి మొండిబాకీలా చిట్టాలోకి ఎక్కితే, దాని వెనక ఉన్న కథ చెప్పడానికి అక్కడ చోటుండదు.

అమెరికాలో 1970 నాటి క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ఈ విషయంలో ఒక మంచి పని చేసింది. వివాదం తేలకపోతే, తన వైపు మాట క్లుప్తంగా రాసి రిపోర్టులో చేర్పించే హక్కు అక్కడి వాళ్లకుంది. నివేదిక ఇచ్చేవాళ్లు రాయడంలో సాయం చేసే పక్షంలో వంద మాటలకు పరిమితి పెట్టవచ్చు. వంద మాటలు ఒక మనిషి కష్టం చెప్పుకోవడానికి ఎక్కువేం కాదు, అయినా ఒక గౌరవం. మన దగ్గర కూడా కారణం చెప్పుకునే చోటు ప్రతి మనిషికీ తెలిసేలా, సులువుగా దొరికేలా ఉండాలని నా కోరిక.

చిట్టా కారణాలు అడగదని తెలిసినందువల్లే కాబోలు, మనలో చాలామందికి దాన్ని తెరవాలంటే సిగ్గు. అప్పు తీర్చలేకపోవడం మనకు డబ్బు విషయంగా మాత్రమే మిగలదు, పరువు విషయమైపోతుంది. ఎన్నో ఏళ్ల కింద ఉద్యోగం పోయినప్పుడు ఆగిపోయిన కార్డు బాకీని భార్యకు కూడా చెప్పని భర్తలున్నారు. పుట్టింటి అవసరానికి బంగారం కుదువపెట్టి, వేళకు విడిపించలేక వేలంలో పోగొట్టుకున్న సంగతి కడుపులో దాచుకున్న భార్యలున్నారు. బంగారం రుణం కూడా రిపోర్టులో ఉంటుందని వాళ్లకు తెలియదు. సిగ్గున్న చోటికే బేరగాళ్లు వస్తారు. స్తంభాల మీద, ఫోన్లలో, ‘సిబిల్ క్లియర్ చేస్తాం, నెలలో స్కోరు పెంచుతాం’ అన్న ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. పాన్, ఆధార్, ఓటీపీ అన్నీ వాళ్ల చేతిలో పెట్టి, వేలకు వేలు ఇచ్చి వచ్చినవాళ్లను నేనెరుగుదును.

ఆ డబ్బు దేనికి ఇస్తున్నామో ఒక్కసారి నిదానంగా ఆలోచిస్తే చాలు. రిపోర్టులో ఉన్నది తప్పయితే, దాన్ని సరిచేయించుకోవడం మన హక్కు, రూపాయి ఖర్చు లేదు. ఉన్నది నిజమైతే, దాన్ని చెరిపేసే అధికారం భూమ్మీద ఏ ఏజెంటుకూ లేదు. చట్టం ప్రకారం ఈ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు భద్రపరచాలి. తప్పుకు అర్జీ, నిజానికి ఓపిక. మరమ్మతు అంతా ఈ రెంటిలోనే ఉంది. ఈ రెంటిలో దేనికీ ఏజెంటు అక్కర్లేదు.

ముందు తప్పుల సంగతి. రిజర్వ్ బ్యాంకు ఆదేశం మేరకు 2017 జనవరి నుంచి నాలుగు సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మనది మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. ఈ భయం చాలామందికి ఉంది, అది వదిలేయాలి. నాలుగూ తెప్పించుకోవాలి, ఎందుకంటే ఒకదాంట్లో లేని ఖాతా ఇంకోదాంట్లో ఉండవచ్చు. చదివేటప్పుడు మొదటి పేజీ నుంచే కళ్లు పెట్టాలి. మన తెలుగు పేర్లతో పెద్ద చిక్కుంది. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది, ఒకచోట పూర్తిగా ఉంటుంది, ఒకచోట చివరికి పోతుంది. వెంకట సుబ్బారావులు, నాగలక్ష్ములు ఊరికి పదిమంది. ఒకరి అప్పు వచ్చి ఇంకొకరి ఖాతాలో కూర్చోవడానికి పాన్‌లో ఒక్క అంకె తేడా చాలు. ఎప్పుడో తీరిపోయిన బండి లోను ఇంకా నడుస్తున్నట్టు ఉండవచ్చు. మనం కన్నెత్తి చూడని లోన్ యాప్ పేరుతో ఒక అప్పు ఉండవచ్చు.

అలాంటిది కనిపించగానే ఆ క్రెడిట్ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు పెట్టాలి. అప్పిచ్చిన బ్యాంకుకూ రాయాలి. నోడ్యూస్ సర్టిఫికెట్ ఉంటే జతచేయాలి. బ్యాంకుకు 21 రోజులు, మొత్తం మీద 30 రోజులు గడువు. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మనకు పరిహారం రావాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. సరిచేయమన్నది కాదంటే, ఎందుకు కాదన్నారో కారణం చెప్పాలి. అప్పటికీ తేలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ సమాచార సంస్థలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. దానికీ ఫీజు లేదు. ఒక సామాన్యుడి చేతిలో ఇన్ని ఆయుధాలు పెట్టిన వ్యవస్థలు మన దగ్గర ఎక్కువ లేవు. వాటిని వాడుకోకుండా బేరగాడికి దండం పెట్టడం నాకు బాధగా ఉంటుంది.

ఇక నిజమైన బాకీల సంగతి. మా బాబాయి రిటైరైన టీచరు. కూతురితో కలిసి గుంటూరులో ఫ్లాటు కొందామనుకున్నారు. జీవితంలో ఎవరికీ పైసా బాకీ పడని మనిషి. రిపోర్టు తెప్పించి చూస్తే అందులో పెద్ద మొత్తం పెండింగు కనిపించింది. తోటి మాస్టారు తీసుకున్న లోనుకు ఎన్నడో హామీ సంతకం పెట్టారు. టీచర్ల మధ్య అది మామూలే, ఒకరికొకరు సంతకాలు పెట్టుకుంటారు. ఆ మాస్టారు పోయారు. కిస్తీలు ఆగాయి. నోటీసులు పాత అద్దె ఇంటి చిరునామాకు వెళ్లాయి. బాబాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, “అమ్మాయ్, ముందు వాళ్లింటికి వెళ్లొద్దాం పద” అన్నారు.

వెళ్లాం. ఆ ఇంటావిడకు ఆ లోను సంగతే తెలియదు. విని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. “అన్నయ్యగారూ, మా వల్ల మీ పేరు పాడైందా?” అన్నారు. “పేరు ఎక్కడికి పోతుందమ్మా, ఇద్దరం కలిసి సరిచేసుకుందాం” అన్నారు బాబాయి. బ్యాంకువాళ్లు కొంత తగ్గించి ఒకేసారి కట్టేయమని అడిగారు. వినడానికి బాగానే ఉంది. కానీ తగ్గించి కడితే రిపోర్టులో సెటిల్డ్ అని పడుతుంది, మొత్తం కడితేనే క్లోజ్డ్ అని పడుతుంది. ఆ ఒక్క మాటకూ ఈ ఒక్క మాటకూ మధ్య ఇంటి రుణం ఆగిపోవచ్చు. ఆ సంగతి వివరించాక ఆ మాస్టారి కొడుకు తానే ముందుకొచ్చి, “మొత్తం కట్టేద్దాం మాస్టారూ, నాన్నగారి పేరు మీద కూడా సెటిల్‌మెంటు అని ఉండొద్దు” అన్నాడు. బాబాయి కొంత సర్దారు, ఆ అబ్బాయి మిగతాది కట్టాడు. నోడ్యూస్ తీసుకుని, రిపోర్టులో క్లోజ్డ్ అని మారేదాకా వదల్లేదు. ఫ్లాటు కొనడం కొన్ని నెలలు ఆలస్యమైంది. ఆ ఆలస్యం గురించి ఆ ఇంట్లో ఎవరూ చింతించలేదు.

స్కోరు మరమ్మతంటే కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనే అనుకుంటాం. చాలాసార్లు అది మనుషుల మధ్య ఆగిపోయిన మాటను మళ్లీ మొదలుపెట్టడంలో ఉంటుంది. విదేశీ చదువుల అప్పుల్లో ఇది మరీ ఎక్కువ. పిల్లల విద్యారుణం మీద తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెడతారు. అమెరికా వెళ్లిన అబ్బాయికి ఉద్యోగం రావడం ఆలస్యమవుతుంది. రెండు కిస్తీలు ఆగుతాయి. ఇంట్లోవాళ్లు బెంగపెట్టుకుంటారని అతను చెప్పడు. పిల్లవాడు ఏ కష్టంలో ఉన్నాడో అని వీళ్లు అడగరు. ఆలస్యం మాత్రం తండ్రి రిపోర్టులోనూ పడుతుంది. ఒక్క ఫోను చేసి, ‘నాన్నా, ఈ నెల కుదరదు’ అని చెప్పి ఉంటే ఇక్కడ సర్దుబాటు అయ్యేది. దాచిపెట్టిన ప్రేమ కూడా చిట్టాలో బాకీగానే పడుతుంది.

సంసారాల్లో ఇంకో రకం లోటు ఉంది. ఇరవై ఏళ్లు ఇల్లు నడిపిన ఇల్లాలికి క్రెడిట్ చరిత్రే ఉండదు. అన్నీ భర్త పేరు మీదే. ఆమె అణా పైసలతో సహా లెక్క చూసి కట్టించిన కిస్తీలన్నీ అతని స్కోరును పెంచాయి. ఇంటి రుణంలో ఆమెను చేర్చుకుందామంటే ఆమె గురించి చిట్టాలో ఏమీ ఉండదు. మొదటిసారి అప్పు అడిగేవాళ్లను చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరి ఆదేశాల్లో బ్యాంకులకు సూచించింది. మంచి మాట. అయినా ఆమె పేరు మీద ఒక చిన్న లోనో, కార్డో ఉండి, వేళకు కట్టిన వరుస ఒకటి ఉంటే ఆ బలమే వేరు. ఇల్లు ఇద్దరిదీ అయినప్పుడు నమ్మకం కూడా ఇద్దరి పేర్ల మీదా ఉండాలి.

పాత బాకీలు తీర్చాక మిగిలేది ఓపిక. కార్డు లిమిట్‌లో మూడోవంతు దాటకుండా వాడుకోవడం, కనీస మొత్తంతో సరిపెట్టకుండా బిల్లు పూర్తిగా కట్టడం, బాగా నడుస్తున్న పాత కార్డును తొందరపడి మూసేయకపోవడం, ఇల్లు చూస్తున్న రోజుల్లో టీవీకీ ఫోనుకూ ఈఎంఐలు పెట్టుకోకపోవడం, ఒకే నెలలో అరడజను బ్యాంకులకు దరఖాస్తులు వేయకపోవడం. ఇందులో రహస్యమేమీ లేదు. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పక్షం రోజులకొకసారైనా వివరాలు పంపాలి కాబట్టి, మనం చేసిన మంచి కూడా త్వరగానే చిట్టాకెక్కుతుంది. పాత ఆలస్యం అక్కడే ఉంటుంది, కానీ దాని తర్వాత వచ్చిన ప్రతి సున్నాల నెలా దాన్ని వెనక్కి నెడుతుంది. మనుషులు ఒకసారి వేసిన ముద్రను అంత తేలిగ్గా మార్చుకోరు. ఈ చిట్టా మార్చుకుంటుంది. కారణం అడగని గుణంలో కాఠిన్యం ఎంతుందో, మారినవాణ్ణి మారినట్టు చూడగలిగే న్యాయం కూడా అంతే ఉంది.

దీని విలువ డబ్బులోనూ చెప్పాలి. ఇప్పుడు అనేక బ్యాంకులు ఇంటి రుణం వడ్డీని స్కోరును బట్టి నిర్ణయిస్తున్నాయి. 50 లక్షలు, 20 ఏళ్లకు తీసుకున్నామనుకుందాం. వడ్డీ 8.5 శాతమైతే నెలకు కిస్తీ దాదాపు 43,400 రూపాయలు. 9.5 శాతమైతే 46,600 దాటుతుంది. ఆ ఒక్క శాతం తేడా రేటు మారకుండా గడువంతా కొనసాగితే 7 లక్షల 70 వేల పైచిలుకు. చాలా ఇళ్లలో ఒక పిల్ల డిగ్రీ చదువు అది, లేదా ఒక పెద్దాయన మందుల ఖర్చు. ఆ డబ్బంతా కొన్ని నెలల ముందుచూపు మీద ఆధారపడి ఉంది.

డబ్బుకన్నా నాకు ముఖ్యంగా తోచేది ఇంకొకటి. తన రిపోర్టు తాను చదువుకుని, తప్పు ఉన్నచోట అర్జీ పెట్టి, బాకీ ఉన్నచోట తీర్చి వచ్చిన మనిషి బ్యాంకులో కూర్చునే తీరు వేరుగా ఉంటుంది. అప్పు దయతలిచి ఇస్తారా అని చూడడు. వడ్డీ ఇంకెంత తగ్గిస్తారని అడుగుతాడు. కాదంటే కారణమేమిటని అడుగుతాడు. ఇరవై ఏళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టే మనిషికి ఉండాల్సిన స్థైర్యం అదే, అది ఏ ఏజెంటూ అమ్మలేడు. ఈ ఏడాది ఇల్లు కొనాలన్న ఆలోచన మీకుంటే, స్థలాలు చూడటం వచ్చే నెలకు పెట్టుకోండి. ఈ వారం ఆ నాలుగు రిపోర్టులూ తెప్పించి, భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని, పెద్ద చదువుల్లో ఉన్న పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుని చదవండి. అందులో కనిపించిన ప్రతి తప్పు సరిచేయించుకోదగ్గదే, ప్రతి బాకీ మాట్లాడుకోదగ్గదే. సిగ్గుపడి మూసేయాల్సింది అందులో ఒక్కటీ లేదు.